చల్లారిన ఫర్నేస్, నకలు రికార్డులు: విశ్వవిద్యాలయ పాలకమండలికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన విశ్వవిద్యాలయ పాలకమండలి సభ్యులకు, ఉన్నత విద్యా వ్యవహారాలు చూసే అధికారులకు నమస్కారం.

నేను ఉత్తర తెలంగాణలోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. భౌతికశాస్త్రం చదివి, అదే విభాగంలో తొమ్మిదేళ్లుగా పీరియడ్ లెక్కన పాఠాలు చెబుతున్న పార్ట్‌టైం అధ్యాపకుడిని. ఘనస్థితి భౌతికశాస్త్రం ప్రత్యేకాంశంగా తీసుకున్న విద్యార్థులకు పదార్థ విజ్ఞానం, అందులోనూ ముఖ్యంగా ఎలక్ట్రోసిరామిక్స్ (పొడిని కాల్చి చేసే, విద్యుత్ పరికరాల్లో వాడే పింగాణీ లాంటి పదార్థాలు), బోధించడం నా పని. మా ప్రయోగశాలలో నమూనాలను కాల్చే పెద్ద ఫర్నేస్ (కొలిమి) పాడై, చల్లారి నాలుగేళ్లు దాటింది. దాని గురించి 2023 ఆగస్టులో, 2024 ఫిబ్రవరిలో, మళ్లీ 2024 డిసెంబరులో రాతపూర్వకంగా విన్నవించుకున్నాం. ఇన్‌వార్డు ముద్ర పడిన మూడు నకళ్లూ నా దగ్గర ఉన్నాయి. మొదటిదానికి, నిధుల లభ్యతను బట్టి పరిశీలిస్తామని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. మిగతా రెండింటికీ అదీ రాలేదు. అందుకే ఈ లేఖను బహిరంగంగా రాయవలసి వస్తున్నది. విశ్వవిద్యాలయం పేరు కావాలనే రాయడం లేదు. పేరు రాస్తే మాట పరువు మీదికి మళ్లుతుంది, ఫర్నేస్ మీద నిలవదు. ఏ విభాగం గురించి రాస్తున్నానో మీకు తెలుసు.

ముందుగా నా కంటబడిన ఒక చిన్న విషయం చెబుతాను, ఎందుకంటే విన్నపాల్లో ఎంత రాసినా చెప్పలేకపోయిన సంగతి అందులో ఉంది.

గత సెమిస్టర్ చివర విద్యార్థుల ప్రాక్టికల్ రికార్డులు దిద్దుతున్నాను. బేరియం టైటనేట్ పెల్లెట్‌ను (పొడిని నొక్కి కాల్చిన చిన్న బిళ్లను) నెమ్మదిగా వేడిచేస్తూ, ఉష్ణోగ్రతతోపాటు దాని కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిల్వచేసుకునే సామర్థ్యం) ఎలా మారుతుందో కొలిచి గ్రాఫు గీయడం అందులో ఒక ప్రయోగం. విలువ మెల్లగా పెరిగి, 120 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఒక్కసారిగా శిఖరానికి లేచి, ఆ తర్వాత పడిపోతుంది. అక్కడే ఆ పదార్థం తన ఫెర్రోఎలక్ట్రిక్ గుణాన్ని, అంటే బయటి నుంచి విద్యుత్తు ఇవ్వకున్నా తనలో ధన, రుణ ధ్రువాలను నిలుపుకునే గుణాన్ని, కోల్పోతుంది. మొదటి రికార్డులో గ్రాఫు చక్కగా ఉంది. 96 డిగ్రీల దగ్గర మాత్రం ఒక చుక్క గీతకు బాగా కిందుగా పడింది. రెండో రికార్డులో అదే చుక్క. మూడోదానిలోనూ అదే. తరగతి మొత్తంలో ఒక్కరి రికార్డులోనూ ఆ చుక్క తప్పలేదు.

ఆ చుక్క నాది.

2009లో నేను ఆ ప్రయోగం చేస్తున్నప్పుడు మధ్యలో కరెంటు పోయింది. తిరిగి వచ్చేసరికి పెల్లెట్ చల్లబడింది. హీటర్ పూర్తి వేగంతో అందుకోగానే, తీగచుట్టకు దగ్గరగా ఉన్న థర్మోకపుల్ (ఉష్ణోగ్రతను కొలిచే తీగల జత) ముందే వేడెక్కి 96 చూపించింది గానీ, పెల్లెట్ లోపల ఇంకా అంత వేడి లేదు. కాబట్టి ఆ కొలత నిజానికి అంతకంటే తక్కువ ఉష్ణోగ్రతకు చెందినది. అప్పటి మా గురువుగారు ఆ చుక్కను కొట్టేయనివ్వలేదు. అది ఎందుకు తప్పిందో గ్రాఫు కింద నాలుగు వాక్యాల్లో రాయించి, దానికి విడిగా రెండు మార్కులు వేశారు. పదిహేనేళ్లుగా సీనియర్ల నుంచి జూనియర్లకు చేతులు మారుతూ వచ్చిన ఆ రికార్డులో నా నాలుగు వాక్యాలు ఎక్కడో రాలిపోయాయి. చుక్క మాత్రం మిగిలింది.

పిల్లలను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ప్రయోగం చేసే వీలు లేనప్పుడు, రికార్డు లేనిదే హాల్‌టికెట్ రానప్పుడు, నకలు రాయక వారేం చేస్తారు? ఆ రికార్డుల మీద సంతకం పెట్టినవాడిని నేను. నా తప్పును ఒప్పుకుంటూనే ఈ లేఖ మొదలుపెడుతున్నాను.

ఎలక్ట్రోసిరామిక్స్ అంటే ఏమిటో, దానికి ప్రయోగశాల లేకపోతే ఎందుకు నడవదో ఇక్కడ కొంత వివరించాలి. మా ఫైలు చూసిన వారిలో ఒకరు, బోర్డు మీద చెప్పగలిగిన పాఠానికి ఫర్నేస్ ఎందుకని అడిగారు కాబట్టి ఈ వివరణ అవసరమైంది.

బోర్డు మీద చెప్పగలిగేది పెరోవ్‌స్కైట్ నిర్మాణం: ఘనానికి మూలల్లో బేరియం, నడిమధ్యన టైటానియం, ఆరు ముఖాల మధ్యన ఆక్సిజన్. ఆ బొమ్మను ఏటా గీస్తూనే ఉన్నాను. అయితే చేతికొచ్చే వస్తువు ఆ ఒక్క ఘనం కాదు. అది కోట్లాది సూక్ష్మ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని, నడుమ నడుమ రంధ్రాలతో తయారైన బిళ్ల. రేణువు పరిమాణం ఒక మైక్రాన్ దగ్గరికి తగ్గితే, గది ఉష్ణోగ్రత వద్ద బేరియం టైటనేట్ డైఎలక్ట్రిక్ స్థిరాంకం (ఖాళీ జాగాతో పోలిస్తే కెపాసిటెన్స్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందో చెప్పే అంకె) 1,500 ప్రాంతం నుంచి దాదాపు 5,000 దాకా పెరుగుతుంది. పదార్థం అదే, బొమ్మ అదే. మారినదల్లా దాన్ని ఎంత నూరాం, ఎంత వేడిమి మీద ఎంతసేపు కాల్చాం అన్నదే. తరగతిలో అందరికీ ఒకే విలువ వచ్చిందంటే, ఎవరూ దేన్నీ కాల్చలేదని అర్థం.

చేసే పని చెప్పుకోవడానికి సులువే. పది గ్రాముల బేరియం టైటనేట్ కావాలంటే 8.46 గ్రాముల బేరియం కార్బొనేట్, 3.43 గ్రాముల టైటానియం డయాక్సైడ్ తూచి, అగేటు కల్వంలో గంటల తరబడి నూరాలి. 1,100 డిగ్రీల పైన కాల్చితే 1.89 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ పోయి పొడి మిగులుతుంది. దాన్ని మళ్లీ నూరి, రెండు చుక్కల పి.వి.ఎ. జిగురు కలిపి, అచ్చులో పోసి హైడ్రాలిక్ ప్రెస్ కింద నొక్కితే రూపాయి బిళ్లకంటే చిన్నదైన పచ్చి పెల్లెట్ వస్తుంది. వేలితో గట్టిగా పట్టుకుంటే పొడి అయిపోతుంది. జిగురు 500, 600 డిగ్రీల వద్ద మెల్లగా కాలిపోనిచ్చి, ఆపైన 1,300 నుంచి 1,350 డిగ్రీల దాకా తీసుకెళ్లి కొన్ని గంటలు ఉంచాలి. అప్పుడు పెల్లెట్ కుంచించుకుపోయి, రంధ్రాలు మూసుకుని, రాయిలా మోగుతుంది. ఈ ఆఖరి మెట్టునే సింటరింగ్ అంటాం. కుమ్మరి ఆవంలో పచ్చికుండకు జరిగేదానికి ఇది దగ్గరి చుట్టమే, కాకపోతే వేడి ఇంకా ఎక్కువ, ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. ఇరుపక్కలా వెండి పూత పూసి ఎల్.సి.ఆర్. మీటరుకు కలిపితే, పది మిల్లీమీటర్ల వ్యాసం, ఒక మిల్లీమీటరు మందం ఉన్న ఆ బిళ్ల, డైఎలక్ట్రిక్ స్థిరాంకం 1,500 అయితే, ఒక నానోఫారడ్ పైచిలుకు కెపాసిటెన్స్ చూపిస్తుంది. ఆ అంకె మీటరు మీద కనబడిన క్షణాన విద్యార్థి ముఖం ఎలా ఉంటుందో చూసినవాళ్లం మేము. ఇప్పటి విద్యార్థులకు అది చూపించలేకపోతున్నాం.

మా ఫర్నేస్‌లో పోయినవి రెండే. ఒకటి ప్లాటినం, రోడియం తీగల థర్మోకపుల్. రెండోది వేడినిచ్చే సిలికాన్ కార్బైడ్ కడ్డీలు. ఎనిమిదింటిలో రెండు విరిగాయి. విరిగిన రెండే మార్చుకోమని ఒక సలహా వచ్చింది. ఈ కడ్డీకి వాడినకొద్దీ నిరోధం పెరుగుతుంది కాబట్టి, పాతవాటి మధ్య కొత్తవి పెడితే భారం సమంగా పడదు, ఏవో ఒకటి తొందరగా పోతాయి. మొత్తం జత మార్చాలి. హైదరాబాద్ నుంచి వచ్చిన మెకానిక్ రాసిచ్చిన అంచనా కూడా మొదటి విన్నపంతోనే జతచేశాం. రెండు రోజుల సదస్సుకు శాలువాలకు, భోజనాలకు అయ్యే ఖర్చును అది మించదని మాత్రం ఇక్కడ చెప్పగలను.

దీనివల్ల సామాన్యులకు కలిగే నష్టం ఏమిటన్నది మీరు అడగవలసిన ప్రశ్న. నాకు తెలిసినంత మేరకు చెబుతాను.

1. మొదటి దెబ్బ విద్యార్థికి. మా విభాగానికి వచ్చేవారిలో ఎక్కువమంది ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జగిత్యాల వైపు పల్లెల నుంచి, ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదువుకునేవారు. వారిలో చాలామంది ఇంట్లో పీజీ గడప తొక్కిన మొదటి వ్యక్తులు. మా పాత విద్యార్థి ఒకడు హైదరాబాద్‌లో విడిభాగాల తయారీ సంస్థ ఇంటర్వ్యూకు వెళ్లాడు. బల్ల మీద రెండు పెల్లెట్లు పెట్టి, వీటిలో సరిగా కాలనిది ఏదో ఏ యంత్రమూ లేకుండా చెప్పమన్నారు. ఇలాంటి పదార్థం శిఖరం దాటాక ఉష్ణోగ్రతతో ఎలా మారుతుందో చెప్పే క్యూరీ–వైస్ నియమాన్ని తప్పులేకుండా రాయగల ఆ అబ్బాయి ఆ రెండు బిళ్లల వైపు చూస్తూ కూర్చుండిపోయాడు. సరిగా కాలని బిళ్లను బల్ల మీద జారవిడిస్తే మొద్దుగా చప్పుడవుతుంది. ఒక చుక్క సిరా వేస్తే పీల్చుకుంటుంది. వాళ్లమ్మ ఎండాకాలం అంగట్లో రంజన్ (నీళ్ల కుండ) కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి చూసే కొంటుంది. ఆమెకు తెలిసినది కొడుక్కు అక్కరకు రాకపోవడానికి కారణం ఒక్కటే, చదివిన రెండేళ్లలో పెల్లెట్ అనే వస్తువు అతని చేతికి రాలేదు.

2. ఉద్యోగాలు లేని రంగమైతే ఈ నష్టాన్ని ఇంతగా చెప్పుకోనక్కరలేదు. 2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గం ఎలక్ట్రానిక్ విడిభాగాల తయారీకి 22,919 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. ఒక్కో స్మార్ట్‌ఫోన్‌లో బియ్యపు గింజకంటే చిన్నవైన బహుళపొరల సిరామిక్ కెపాసిటర్లు వందల సంఖ్యలో ఉంటాయి. వాటిలో ఉండే ముఖ్య పదార్థం మా ల్యాబులో సీసాలో మూతపడి ఉన్న ఆ బేరియం టైటనేటే. హైదరాబాద్‌లోనే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో యురేనియం డయాక్సైడ్ పొడిని బిళ్లలుగా నొక్కి, హైడ్రోజన్ వాతావరణంలో సుమారు 1,700 డిగ్రీల వద్ద సింటర్ చేస్తారు. పొడి వేరు, జాగ్రత్తలు వేరు, పని పద్ధతి మాత్రం ఇదే. బాలాపూర్‌లో ఏ.ఆర్.సి.ఐ. ఉంది, చర్లపల్లిలో సీ–మెట్ ఉంది, కంచన్‌బాగ్‌లో డీ.ఎం.ఆర్.ఎల్. ఉంది; మూడూ పదార్థాల మీద పరిశోధన చేసే సంస్థలే. గేట్ పరీక్షలో ఇంజినీరింగ్ సైన్సెస్ పేపరులో పదార్థ విజ్ఞానానికి ఒక విభాగమే ఉంది. మూడు గంటల రైలు ప్రయాణం దూరంలో ఇన్ని ద్వారాలు తెరిచి ఉండగా మా పిల్లలు గడప దగ్గరే ఆగిపోతున్నారు.

3. రైతు సంగతి. తొలకరి ఉరుములు మొదలైతే మన పల్లెల్లో ట్రాన్స్‌ఫార్మర్లు, మోటార్లు కాలడం కొత్త కాదు. స్తంభం మీద ఉండే లైట్నింగ్ అరెస్టర్ లోపల ఉండేది జింక్ ఆక్సైడ్ బిళ్లల వరుస. 1960ల చివర జపాన్‌లో మత్సుషిత సంస్థలో పరిశోధకుడు మిచియో మత్సువోకా రూపొందించిన ఈ పదార్థంలో కొద్దిపాటి బిస్మత్ ఆక్సైడ్ రేణువుల సరిహద్దుల్లో చేరుతుంది. ఒక్కో సరిహద్దు సుమారు మూడు వోల్టుల దాకా కరెంటును ఆపుతుంది, అది దాటితే దారి వదిలేస్తుంది. ఎన్ని సరిహద్దులుంటే అన్ని మూడు వోల్టులు. కాబట్టి మామూలు రోజున అది గోడ, పిడుగుపాటు వచ్చిన క్షణాన భూమిలోకి తెరిచిన తూము. బిళ్ల సరిగా కాలకపోయినా, లోపలికి తేమ చేరినా ఆ తూము పనిచేయదు. అది చూసి చెప్పగల మనిషి జిల్లాకు ఒకరుంటే, ట్రాన్స్‌ఫార్మర్ మరమ్మతై వచ్చేదాకా ఎండే నారుమడులు కొన్నయినా మిగులుతాయి. ఆ మనిషిని తయారుచేయవలసినది మా తరగతి గదే.

4. ఆసుపత్రిలో గర్భిణికి చేసే అల్ట్రాసౌండ్ స్కానింగ్ ప్రోబ్ లోపల ఉండేది సాధారణంగా పి.జెడ్.టి., అంటే సీసం, జిర్కోనియం, టైటానియం కలిసిన పీజోఎలక్ట్రిక్ సిరామిక్; నొక్కితే విద్యుత్తు పుట్టించడం, విద్యుత్తు ఇస్తే కదలడం దాని గుణం. వంటింట్లో గ్యాస్ లైటర్ నొక్కితే టక్కుమని నిప్పురవ్వ వచ్చేదీ ఆ గుణం వల్లే. ప్రోబ్ చేయిజారి కిందపడితే లోపలి ముక్కలు చిట్లి, తెర మీద నిలువునా నల్లచారలు కనిపిస్తాయి. మితిమీరి వేడిచేస్తే అతుకులు ఊడతాయి, ఆ సిరామిక్‌కు ఉన్న గుణమే పోవచ్చు. ఇలాంటి పరికరాల నిర్వహణకు కావలసిన జ్ఞానం పీజీ స్థాయిలో ఉండాలి. నిజం చెప్పాలంటే, ప్రస్తుతం ఆ జ్ఞానం హనుమకొండలో రిఫ్రిజిరేటర్లు బాగుచేసే ఒక ముసలి మెకానిక్ దగ్గర మా ల్యాబ్‌లోకంటే ఎక్కువ ఉంది. కంప్రెసర్ పక్కన ఉండే పీటీసీ రిలేను (మోటారు మొదలవడానికి తోడ్పడి, వేడెక్కగానే కరెంటును తగ్గించే భాగాన్ని) చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తాడు. గలగలమంటే లోపలి బిళ్ల పగిలిందని తీసి పక్కన పెడతాడు. అది కూడా బేరియం టైటనేటేనని, లాంథనం లాంటిది రవ్వంత కలిపితే అది కరెంటును పోనిచ్చే పదార్థంగా మారి, మళ్లీ 120 డిగ్రీల ప్రాంతంలో దాని నిరోధం వేల రెట్లు పెరుగుతుందని చెప్పినప్పుడు, ఈ సంగతి మీ పిల్లలకు చూపించారా అని ఆయనే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

5. ప్రాణభద్రత. బేరియం కార్బొనేట్ ఎలుకల మందుగా వాడిన విషం. సీసపు ఆక్సైడ్ 888 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఆ వేడిమికి ఆవిరి కూడా అవుతూ ఉంటుంది. ఆ ఆవిరి పీల్చకూడదు. మా ల్యాబ్‌లో ఈ రెండు సీసాలూ తాళం లేని చెక్క బీరువాలో ఉన్నాయి. ఆవిరిని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ మోటారు తిరగదు. ఫర్నేస్ నడవనందువల్ల ప్రమాదం తప్పిందని సంతోషించవలసిన దుస్థితిలో ఉన్నాం.

6. పరిశోధక విద్యార్థులు తమ నమూనాలను కాల్చుకోవడానికి, ఎక్స్‌రే పరీక్ష చేయించుకోవడానికి ఇతర ఊళ్లకు పోతున్నారు. ఆ ఖర్చు ఫెలోషిప్ నుంచి, ఫెలోషిప్ రానివారికి అప్పు నుంచి పోతుంది.

ఈ ప్రాంతానికి ఈ విద్య కొత్తదేమీ కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసలో కరిగించి తీసిన ఉక్కు ఒకనాడు పశ్చిమాసియా కత్తుల దాకా వెళ్లింది. 1213 నాటి రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. 2021లో ఆ గుడికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినప్పుడు మన సభలన్నింటిలో ఆ ఇటుకల ప్రస్తావన వచ్చింది, మా విశ్వవిద్యాలయం సభలోనూ వచ్చింది. ఆ ఇటుక రంధ్రాల శాతం ఎంతో కొలవాలంటే ఆర్కిమెడిస్ పద్ధతిలో (గాలిలోనూ నీళ్లలోనూ తూచి) సాంద్రత చూసే త్రాసు ఉండాలి. మా త్రాసు రెండో దశాంశం దగ్గర ఊగుతుంది. బేరియం టైటనేట్ పూర్తి సాంద్రత ఘన సెంటీమీటరుకు 6.02 గ్రాములు, అందులో 95 శాతం వచ్చిందా, 85 శాతమే వచ్చిందా అన్నది తేల్చలేని త్రాసుతో వారసత్వం గురించి మాట్లాడటానికి నాకు మొహమాటంగా ఉంటుంది.

మరో మాట కూడా గుర్తుచేయాలి. బేరియం టైటనేట్ విశేష గుణాలు వెలుగులోకి వచ్చినది 1940ల్లో, రెండో ప్రపంచ యుద్ధం నడుమ, అమెరికా, సోవియట్ యూనియన్, జపాన్‌లలో దాదాపు ఒకే కాలంలో, ఎవరికి వారుగా. అప్పటిదాకా మంచి కెపాసిటర్లకు అభ్రకమే దిక్కు. ఆ అభ్రకానికి పెద్ద వనరు మన దేశం. నెల్లూరు వైపు గూడూరు గనుల వాటా కూడా అందులో ఉంది. ఓడల రాకపోకలు కష్టమైనప్పుడు అభ్రకానికి ప్రత్యామ్నాయం వెతుకుతూ టైటానియం ఆక్సైడ్‌లో రకరకాల పొడులు కలిపి, కాల్చి, కొలిచి చూశారు. సిద్ధాంతం ఆ తర్వాత వచ్చింది. ఈ శాస్త్రం పుట్టుకే కల్వం దగ్గర, కొలిమి దగ్గర జరిగింది. దాన్ని కాగితం మీదే బోధించడం సగం పాఠం కూడా కాదు.

ఒక పరిపాలనాపరమైన చిక్కును కూడా మీ దృష్టికి తేవాలి, ఎందుకంటే డబ్బు మంజూరైనా దాన్ని విప్పకపోతే ఫర్నేస్ మళ్లీ నిలిచిపోతుంది. మా ప్రాక్టికల్ పీరియడ్ మూడు గంటలు. నిమిషానికి అయిదు డిగ్రీల చొప్పున వేడి పెంచితే మూడు గంటల్లో ఫర్నేస్ 930 డిగ్రీలకు చేరుతుంది, అంతే. 1,350కి చేరాలంటే నాలుగు గంటల ఇరవైనాలుగు నిమిషాలు. పది గంటలకు మొదలుపెడితే మధ్యాహ్నం రెండున్నర కావస్తుంది. నాలుగు గంటలు నిలబెడితే సాయంత్రం ఆరున్నర. మా భవనానికి అయిదు గంటలకు తాళం పడుతుంది. తొందరపడి వేడి పెంచినా, హఠాత్తుగా ఆపినా పెల్లెట్ పగులుతుంది. 2009లో మేము ఈ ప్రయోగం చేయగలిగామంటే, అప్పటి ల్యాబ్ సహాయకుడు భోజనం క్యారియర్ తెచ్చుకుని రాత్రి పదింటి దాకా అక్కడే కూర్చోవడం వల్లనే. ఆయన పదవీ విరమణ చేసి ఏడేళ్లయింది. ఆ పోస్టు భర్తీ కాలేదు. నా లెక్కలో ఫర్నేస్ పాడైనది కడ్డీలు విరిగిన రోజున కాదు, ఆయన వెళ్లిపోయిన రోజునే. చూసుకునే మనిషి ఉంటే ఆ కడ్డీలు ఇంకొంత కాలం వచ్చేవి.

ఈ లేఖ నా జీతం గురించి రాసినది కాదు. వేసవి రెండు నెలలు మాకు ఏమీ రాదన్నది నిజమే, దానిపై వేరుగా సంఘాలు మాట్లాడుతున్నాయి. మేము కోరుతున్నవి ఇవి:

1. ఫర్నేస్ కడ్డీలు మొత్తం జతగా, థర్మోకపుల్ కొత్తదిగా మార్పించాలి. వచ్చే సెమిస్టర్ ప్రాక్టికల్స్ మొదలయ్యేలోపు ఈ పని పూర్తికావాలి. అంచనా కాగితం పాతబడింది కాబట్టి కొత్తది తెప్పించుకోవడానికి విభాగాధిపతికి నేరుగా అధికారం ఇవ్వాలి; మళ్లీ మూడు బల్లల మీదుగా ఫైలు తిరగనక్కరలేకుండా చూడాలి.

2. ల్యాబ్ సహాయకుడి పోస్టును భర్తీ చేయాలి. శాశ్వత నియామకానికి సమయం పడితే, ఈలోగా ఐ.టి.ఐ. చదివిన ఒకరిని తాత్కాలికంగానైనా తీసుకోవాలి. ఆరు కోరికల్లో ఒక్కటే తీర్చగలమని మీరు అంటే, మేము ఎంచుకునేది ఇదే.

3. సింటరింగ్ ఉన్న ప్రయోగాలను మూడు గంటల పీరియడ్ నుంచి తప్పించి, నెలకు ఒకసారి రెండు పూర్తి రోజుల ప్రాక్టికల్‌గా మార్చాలి. ఆ రోజుల్లో భవనాన్ని రాత్రి తొమ్మిదింటి దాకా తెరిచి ఉంచాలి. హాస్టల్ అమ్మాయిలకు ఆ రెండు రాత్రులు ఆలస్యంగా రావడానికి రాతపూర్వక అనుమతి, తోడుగా వాహనం ఏర్పాటు చేయాలి. లేకపోతే ఫర్నేస్ దగ్గర అబ్బాయిలే మిగులుతారు. తరగతిలో సగానికి పైగా అమ్మాయిలే.

4. రికార్డు మార్కుల పద్ధతి మార్చాలి. విద్యార్థి తాను తయారుచేసిన పెల్లెట్‌ను చిన్న కవరులో పెట్టి రికార్డుకు అంటించాలి; కొలత తీసుకున్న రోజునే ముడి అంకెల కాగితం మీద తేదీ, సంతకం ఉండాలి. వచ్చిన విలువ పుస్తకంలోని విలువకు దగ్గరగా ఉందా అన్నదానికి కాకుండా, ఎందుకు తేడా వచ్చిందో వివరించినదానికి మార్కులు ఇవ్వాలి. దీనికి పైసా ఖర్చు లేదు. ఉత్తర్వు ఒక్కటి చాలు.

5. ఫ్యూమ్ హుడ్ బాగుచేయించాలి, విష పదార్థాలకు తాళం బీరువా ఇవ్వాలి. ఇవి జరిగేదాకా సీసం ఉన్న ఏ ప్రయోగమూ మేము చేయించబోము. ఈ విషయంలో రాజీ కోరవద్దని మనవి.

6. పొడులు, అల్యూమినా మూసలు, వెండి పూత వంటి ఖర్చయ్యే సామగ్రికి ఏటా విడిగా కొంత మొత్తం కేటాయించి, అది మార్చి నెలాఖరున కాకుండా జూన్‌లోనే విభాగానికి అందేటట్టు చూడాలి. మార్చిలో వచ్చిన డబ్బుతో కొన్న వెండి పూత, తరగతులు మొదలయ్యేసరికి సీసాలోనే గట్టిపడిన సందర్భం మాకు ఉంది.

సిలబస్ సవరణ గురించి కూడా చెప్పవలసింది చాలా ఉంది. లోపాల రసాయనం, రేణువుల పెరుగుదల, నమూనాల తయారీ వంటి అధ్యాయాలు లేకుండా ఈ పేపరు అసంపూర్ణం. అయితే కొలిమి వెలగకుండా సిలబస్‌లో ఎన్ని మాటలు చేర్చినా అవీ నకలు రాసేవే అవుతాయి గనుక, దాన్ని ఇప్పటికి పక్కన ఉంచుతున్నాను.

ఈ లేఖ ప్రతిని మూడు పాత విన్నపాల నకళ్లతో సహా నాలుగోసారి ఇన్‌వార్డులో ఇస్తున్నాం. నెలరోజుల్లోపు పాలకమండలి తరఫున ఎవరైనా ఒక్కరు మా ల్యాబ్‌కు రావాలని కోరుతున్నాం. ముందుగా చెప్పనక్కరలేదు. వచ్చిన రోజున ఆ రికార్డులన్నీ బల్ల మీద పెట్టి, 96 డిగ్రీల దగ్గర వేలు పెట్టి చూపిస్తాను. ఫర్నేస్ బాగైతే మొదటి రెండు నెలలు ఆదివారాలు కూడా నేను వచ్చి దాన్ని నడుపుతాను. దానికి వేరుగా పీరియడ్ లెక్క రాయను.

ఇట్లు,
భౌతికశాస్త్ర విభాగపు ఒక పార్ట్‌టైం అధ్యాపకుడు,
హనుమకొండ